ఎగువ ఊళ్లు: చేవెళ్ల, మొయినాబాద్‌ల చరిత్ర, వర్తమానం

చేవెళ్ల పేరు విన్నవారు చాలామంది, చేవెళ్లను చూసినవారు తక్కువ. ఒక లోక్‌సభ నియోజకవర్గానికి, ఒక భారీ ఎత్తిపోతల పథకానికి, ఒక పాదయాత్రకు, ఎన్నో రాజకీయ ప్రకటనలకు ఆ పేరు అంటుకొని ఉంది. మొయినాబాద్ సంగతీ ఇంచుమించు ఇంతే. చిలుకూరు బాలాజీ దర్శనానికి పోయేవారికి అది పక్కన తగిలే ఊరు. పెళ్లిళ్లకు పోయేవారికి ఫంక్షన్ హాళ్ల ఊరు. పత్రికలు చదివేవారికి 111 జీవో ఊరు. ఈ పేర్ల వెనుక ఉన్న ఊళ్లకు తమదైన చరిత్ర ఏమిటి? నగర చరిత్రలు కేంద్రం నుండి అంచులకు చూస్తూ రాసినవి కావడం వల్ల ఈ ప్రశ్న తగినంతగా చర్చకు రాలేదు. హైదరాబాద్‌కు నీరు వచ్చే దిక్కున, అంటే ఎగువన, ఉండడమే ఈ రెండు ఊళ్ల చరిత్రను ఎక్కువగా నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఎగువన ఉన్నందుకు ఇక్కడివారు ఏమి ఇచ్చారు, వారికి ఏమి తిరిగి వచ్చింది అన్నది దీనిలోని ప్రధాన విచారణ.

అనంతగిరి కొండల ప్రాంతంలో పుట్టిన మూసీ తూర్పుగా పారి గండిపేట చెరువుగా ప్రసిద్ధమైన ఉస్మాన్‌సాగర్‌లో చేరుతుంది. దాని ఉపనది ఈసీ చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల మీదుగా హిమాయత్‌సాగర్‌కు చేరుతుంది. ముచుకుందా అనే పౌరాణిక నామం మూసీకి ఉండగా, జనవ్యవహారంలో ఈ జంట నదులు మూసా, ఈసా అయ్యాయి. మొయినాబాద్ మండలం ఈ రెండు జలాశయాల నడుమ ఒదిగి ఉంది. చేవెళ్ల అక్కడి నుండి పడమటికి, బీజాపూర్ రోడ్డు మీద ఉంది. ఎర్ర చెలకలు, అక్కడక్కడ నల్లరేగడి, మధ్యలో బండరాళ్ల గుట్టలు, గొలుసుకట్టుగా చిన్న చెరువులు: ఇదీ ఇక్కడి నేల తీరు.

ఊరి పేర్లు

ఈ ప్రాంతపు మొదటి చరిత్రపత్రాలు దాని ఊరి పేర్లే. రేగడి ఘనాపూర్, తంగెడపల్లి, కనకమామిడి వంటివి నేలను, చెట్టును చూసి పెట్టిన పేర్లు. దామరగిద్దలో తామర వినిపిస్తుంది. తోల్కట్టలో కట్ట ఉంది, కాశీంబౌలిలో బావి ఉంది. బాకారం జాగీర్ అనే పేరులో రద్దయిన భూవ్యవస్థ ఇంకా నిలిచే ఉంది. మొయినాబాద్‌లోని ‘మొయిన్’ అరబ్బీలో సహాయకుడని, అజీజ్‌నగర్‌లోని ‘అజీజ్’ ప్రియమైనవాడని అర్థమిచ్చే మాటలు. చేవెళ్ల, ఊరెళ్ల అనే పేర్ల చివరి భాగం ఒకే ఉచ్చారణతో ఉండడం గమనించదగినది.

వీటన్నింటికంటె ఆసక్తికరమైనది ‘గూడ’ అనే ఉత్తరపదం. అప్పారెడ్డిగూడ, నాగిరెడ్డిగూడ, రామన్నగూడల పక్కనే మీర్జాగూడ, ముర్తుజాగూడ ఉన్నాయి. పూర్వపదం ఏ మతం వారి పేరైనా దాని వెనుక వచ్చే పదం ఒక్కటే. కొత్తగా ఒక కుదురు ఏర్పడి, దానికి ఒక ఆసామి పేరు పడి, అది ఊరైన క్రమాన్ని ఈ పేర్లు సూచిస్తాయి. పాలకుల భాష ‘ఆబాద్’లను, ‘నగర్’లను తెచ్చింది. ‘పల్లి’, ‘గూడ’ మాత్రం రైతుల నోట నిలిచిన మాటలు. ఒకే మండలంలో ఇన్ని పొరలు పక్కపక్కన ఉండడం హైదరాబాద్ పరిసరాల ప్రత్యేకత.

తూముకు చేరిన జైన స్తంభాలు

మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో 2023లో పురావస్తు పరిశోధకులు రెండు చతురస్ర జైన స్తంభాలను గుర్తించారు. ఒకటి గ్రానైటుది, మరొకటి నల్లసానపురాతిది. క్రీ.శ. 9, 10 శతాబ్దాలకు చెందినవిగా వారు నిర్ణయించిన ఈ స్తంభాల మీద తీర్థంకరుల రూపాలతో పాటు శాసన భాగమూ ఉంది. కనిపిస్తున్న అక్షరాలను బట్టి చిలుకూరు సమీపాన ఒక జైన బసది ఉండేదని వారు చెప్పారు. రాష్ట్రకూటులు, వేములవాడ చాళుక్యులు పాలించిన కాలమది. వేములవాడ రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి కన్నడంలో కావ్యరచన చేయడం, ఆయన తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల గుట్ట మీద వేయించిన శాసనంలో తెలుగు కందపద్యాలు ఉండడం సాహిత్య విద్యార్థులకు తెలిసిన విషయాలే. ఆ జైన సంస్కృతి కరీంనగర్ ప్రాంతానికే పరిమితం కాదని, మూసీ ఎగువ ప్రాంతం దాకా అల్లుకొని ఉందని చిలుకూరు బసది సాక్ష్యం చెబుతుంది.

స్తంభాలు దొరికిన చోటు కూడా ముఖ్యమైనదే. అవి గుడిలో లేవు, గుట్ట మీద లేవు. శిథిలమైన బసది నుండి తెచ్చి ఊరి చెరువు తూముకు బిగించగా అక్కడే ఉండిపోయాయి. దీనిని విధ్వంసంగా చెప్పడం తేలిక. కాని పూజ ఆగిన రాయిని నీటి పనికి వాడుకోవడం దక్కను పల్లెల పాత అలవాటు. తూము నిలవాలంటే గట్టి రాయి కావాలి. ఆ రాయి మీద ఎవరున్నారన్నది మడి తడవాలనుకున్న రైతుకు రెండో విషయం. ఈ పల్లెల్లో నీరు ఎంతటి అవసరమో ఆ తూమును చూస్తే తెలుస్తుంది.

రైలు తప్పిన ఊళ్లు

అసఫ్‌జాహీ కాలంలో హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే సర్ఫ్-ఎ-ఖాస్ భూములు, పాయెగాలు, చిన్నా పెద్దా జాగీర్లు నగరం చుట్టూ కలగలిసి ఉండేవి. శంషాబాద్, వికారాబాద్ పేర్లలో పాయెగా ప్రభువుల బిరుదులు నేటికీ వినిపిస్తాయి. రైతు చెల్లించే శిస్తు దివానీ ఖజానాకు పోతుందా, ప్రభువు ఇంటికి పోతుందా అన్నది ఊరు ఊరుకూ మారేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలవడం, జాగీర్లు రద్దు కావడంతో ఈ అతుకుల బొంత కాగితాల మీద ముగిసింది.

1874లో వాడి నుండి సికింద్రాబాద్ దాకా రైలుమార్గం తెరుచుకుంది. అది తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి మీదుగా, అంటే చేవెళ్లకు ఉత్తరంగా పోయింది. తాండూరు బండలకు, కందులకు, వికారాబాద్ ధాన్యానికి రైలు దొరికింది. చేవెళ్లకు, మొయినాబాద్‌కు రోడ్డు మాత్రమే మిగిలింది. నిజాం రైల్వే సంస్థ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిన తరువాతి కాలమంతా ఈ ఊళ్లకు బస్సే రైలు. తాలూకా కార్యాలయం, కోర్టు, అంగడి అన్నీ రోడ్డు పొడవునా పెరిగాయి. చేవెళ్లకు నడిబొడ్డు అనదగిన చోటు లేదు, ఉన్నది రోడ్డు, దానికి రెండు వైపులా ఊరు. మెహిదీపట్నం నుండి బయలుదేరే బస్సుల బోర్డుల మీద ఈ రెండు పేర్లను చూడని నగరవాసి అరుదు. ఆ రోడ్డు అంచున వరుసగా నాటిన మర్రిచెట్లు నిజాం కాలపు ఆనవాలుగా ఊడలు దించి నిలిచాయి. వాటి ప్రస్తావన మళ్లీ వస్తుంది.

వరద, జలాశయాలు

1908 సెప్టెంబర్ 28న మూసీ ఉప్పొంగి హైదరాబాద్‌ను ముంచింది. వేలమంది చనిపోయారు. ఆ తరువాత ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నదిని నగరంలో కట్టడి చేయడం కన్న ఎగువనే వరదను నిలిపే జలాశయాలు కట్టాలన్నది ఆయన సూచనల సారం. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిదాని సామర్థ్యం 3.9 టీఎంసీలు, రెండవదానిది 2.97 టీఎంసీలు. వరద నివారణకు కట్టిన చెరువులే నగరానికి తాగునీటి చెరువులయ్యాయి.

నగర చరిత్రలో ఇది విజయగాథ, అందులో సందేహం లేదు. ఎగువ ఊళ్ల వైపు నుండి చూస్తే ఆ రోజు నుండి వీటి స్థితి మారింది. అంతకుముందు ఇక్కడ పడిన వాన ఈ ఊళ్ల వాన. తరువాత అది నగరానికి పారవలసిన నీరు. ఇక్కడి పొలం, గుట్ట, వాగు అన్నీ ‘పరీవాహక ప్రాంతం’ అనే ఒక్క మాట కిందికి వచ్చాయి. ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది.

జిల్లాకు పేరిచ్చిన పెద్దమంగళారం

మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారంలో 1890లో కొండా వెంకట రంగారెడ్డి జన్మించారు. హైదరాబాద్‌లో న్యాయవాదిగా స్థిరపడి, నిజాం రాష్ట్రంలో తెలుగువారి భాషా, పౌరహక్కుల ఉద్యమాలలో నిలిచారు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఐదవ ఆంధ్రమహాసభకు ఆయనే అధ్యక్షులు. ఇక్కడ ఒక పొరపాటును తొలగించుకోవాలి. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదవ ఆంధ్రమహాసభ జరిగిన చిలుకూరు నాటి నల్లగొండ జిల్లాలోనిది, ఈ బాలాజీ చిలుకూరు కాదు. పేరు ఒక్కటే కావడం వల్ల రెండింటినీ కలిపే ప్రమాదం ఉంది.

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలో రంగారెడ్డి ఒకరు. బూర్గుల రామకృష్ణారావు, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు మిగిలినవారు. అనంతరం ఆయన ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు, తాను సంతకం చేసిన ఒప్పందం అమలు కాలేదన్న బాధతో ఆ పక్షాన మాట్లాడారు. మరుసటి ఏడు కన్నుమూశారు. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా నుండి గ్రామీణ ప్రాంతాలను విడదీసి ఏర్పరిచిన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. నగరాన్ని ఒక జిల్లాగా, దాని చుట్టూ ఉన్న పల్లెలను వలయంలా మరో జిల్లాగా చేయడంతో ఒక విచిత్రం ఏర్పడింది. రంగారెడ్డి జిల్లాకు చాలాకాలం పాటు తన భూభాగంలో తనదైన కేంద్రం లేదు. కార్యాలయాలన్నీ నగరంలోనే ఉండేవి. చేవెళ్ల రైతు తన జిల్లా కచేరీకి పోవాలంటే జిల్లా దాటి పోవలసి వచ్చేది. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో వికారాబాద్, మేడ్చల్-మల్కాజిగిరి విడిపోగా, ఈ రెండు మండలాలు రంగారెడ్డిలోనే మిగిలాయి.

ట్రిపుల్ వన్

1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఈ ప్రాంతపు ఆధునిక చరిత్రలో అత్యంత ప్రభావవంతమైన పత్రం. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించింది. 84 గ్రామాలు, సుమారు 1,32,600 ఎకరాలు దీని కిందికి వచ్చాయి. లేఅవుట్లలో అరవై శాతం స్థలం ఖాళీగా ఉండాలని, మొత్తం విస్తీర్ణంలో తొంభై శాతం వ్యవసాయ, వినోద, హరిత ప్రయోజనాలకే మిగలాలని నిబంధన. మొయినాబాద్ మండలంలో అత్యధిక గ్రామాలు, చేవెళ్ల మండలంలో కొన్ని దీనిలో ఉన్నాయి. ఊరివారి నోట ఇది ‘ట్రిపుల్ వన్’ అయింది. ఏ భూమి గురించి మాట్లాడినా మొదటి ప్రశ్న అది ట్రిపుల్ వన్‌లో ఉందా లేదా అన్నదే.

ఈ నిషేధానికి అత్యున్నత న్యాయస్థానం బలం కూడా తోడైంది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం ఆధారిత రసాయన కర్మాగారం ఒకటి పది కిలోమీటర్ల పరిధిలోపల కట్టడానికి మినహాయింపు కోరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ఎం.వి. నాయుడు వ్యాజ్యంగా ప్రసిద్ధమైన ఈ కేసులో 1999, 2000 సంవత్సరాల్లో జస్టిస్ ఎం. జగన్నాథరావు వెలువరించిన తీర్పులు భారతీయ పర్యావరణ న్యాయశాస్త్రానికి మూలస్తంభాలయ్యాయి. హాని జరగదని నిరూపించే భారం కర్మాగారానిదే కాని ప్రజలది కాదని, తాగునీటి వనరు విషయంలో మినహాయింపులు ఉండరాదని వాటి సారాంశం. న్యాయ కళాశాలల్లో ఈ తీర్పును దేశమంతటా బోధిస్తారు. అందులో కాపాడబడిన నీరు ఎవరి పొలాల మీదుగా పారుతుందో మాత్రం ఆ పాఠంలో రాదు.

ఉత్తర్వు చేసిన మేలును తక్కువ చేయరాదు. నార్సింగి, కోకాపేటల దాకా వచ్చిన భవనాల అల గండిపేట గట్టు దగ్గర ఆగింది. దానికి ఇవతల జొన్నచేలు, కూరగాయల మళ్లు, చిలుకూరు వద్ద జాతీయ ఉద్యానమైన మృగవని అడవి మిగిలాయి. అయితే ఉత్తర్వులో ఒక పెద్ద లోపం ఉంది. నిషేధించవలసినవన్నీ అది చెప్పింది, నిషేధాన్ని మోసేవారికి ఏమి ఇవ్వాలో చెప్పలేదు. నగరం తాగే నీటి కోసం తన భూమి విలువను వదులుకొన్న రైతుకు నష్టపరిహారం గాని, సేంద్రియ సాగుకు ప్రత్యేక సహాయం గాని అందులో లేవు. ఇంచుమించు అదే సమయంలో, 1997 జనవరిలో, న్యూయార్క్ నగరం తన నీరు వచ్చే క్యాట్‌స్కిల్ కొండల పల్లెలతో ఒక ఒడంబడిక చేసుకొంది. నీటిశుద్ధి కేంద్రం కట్టే ఖర్చు కన్న ఎగువ రైతుల సాగు పద్ధతులకు, వారి ఊళ్ల మురుగు ఏర్పాట్లకు డబ్బు చెల్లించడమే చౌక అని ఆ నగరం లెక్క కట్టింది. హైదరాబాద్ ఆ లెక్క కట్టలేదు. ఎగువవారి నుండి నియమపాలన కోరింది, మూల్యం చెల్లించలేదు.

అలా చెల్లించకపోవడం వల్ల నిషేధం లోపలి నుండి బోలు అయింది. కర్మాగారం రాలేదు, కాలనీ రాలేదు. ఫామ్‌హౌస్, రిసార్ట్, ఫంక్షన్ హాల్, ఇంజనీరింగ్, వైద్య కళాశాలలు వచ్చాయి. రేటు పెరగని పొలాన్ని రైతు ఎకరం, రెండెకరాలుగా అమ్ముకున్నాడు. కొన్నవాడు నగరవాసి, అతనికి రాబడితో పనిలేదు. చుట్టూ ప్రహరీ కట్టి, లోపల మామిడి మొక్కలు నాటి, కాపలాకు మనిషిని పెట్టాడు. ఆ కాపలా మనిషి ఒక్కోసారి ఆ పొలం అమ్మిన కుటుంబంవాడే. కాగితం మీద అది నేటికీ వ్యవసాయభూమే. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. గండిపేటకు అటూ ఇటూ ఉన్న ఈ అంతరమే మొయినాబాద్ రాజకీయాలకు ముడిసరుకు.

2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో ప్రభుత్వం ఆంక్షలను తొలగించింది. 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దు చేయాలని తీర్మానించింది. కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక నగరం ఈ చెరువుల మీద స్వల్పంగానే ఆధారపడుతోందన్నది ప్రధాన వాదన. ఆ వాదనలో తాగునీటి లెక్క ఉంది కాని వరద లెక్క లేదు. 2020 అక్టోబర్‌లో హిమాయత్‌సాగర్ గేట్లు, మళ్లీ 2025 సెప్టెంబర్ చివరి వారంలో ఈ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు దిగువన మూసీ ఒడ్డు మునిగింది. రెండవసారి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. 1908 తరువాత చెరువులు కట్టించిన కారణం ఇంకా తీరిపోలేదు. ఎగువన నేల సిమెంటుగా మారితే ఇంకే వాన తగ్గి, పారే వాన పెరుగుతుంది. రైతు కోపం న్యాయమైనదే. దానికి జవాబుగా ఎంచుకున్న మార్గం నగరానికే ఎదురు తిరిగేది.

గుడి, పూలు, కూరగాయలు

చిలుకూరు వేంకటేశ్వరాలయం పాతదే అయినా దాని ప్రస్తుత కీర్తి సాఫ్ట్‌వేర్ యుగంతో వచ్చింది. విదేశీ వీసా కోసం మొక్కుకొనే యువకుల వల్ల ‘వీసా బాలాజీ’ అనే పేరు స్థిరపడింది. కోరిక చెప్పుకొనేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరిన తరువాత నూట ఎనిమిది. గుడిలో హుండీ లేదు. డబ్బు ప్రసక్తి లేని ఈ మొక్కులో కాళ్లే కానుక. హైదరాబాద్ మధ్యతరగతి ప్రపంచయాత్రకు ఒక పల్లె గుడి తొలి మజిలీ కావడం సాంస్కృతిక చరిత్రకారులు విస్తరించి రాయదగిన విషయం. 2024 ఏప్రిల్‌లో సంతానం కోరేవారికి గరుడ ప్రసాదం ఇస్తారన్న ప్రచారం జరగగా వేలాదిగా జనం వచ్చి నగరం దాకా వాహనాలు నిలిచిపోయాయి.

చేవెళ్ల వైపు జీవనాధారం వేరు. బోరు నీటితో టమాట, క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు, పాలీహౌసుల్లో గులాబీ, బంతి చేలు. తెల్లవారకముందే ట్రాలీ ఆటోల్లో సరుకు మెహిదీపట్నం రైతుబజారుకు, గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు చేరుతుంది. నగరం దగ్గర ఉండడం వల్ల వచ్చిన లాభమిది. అమ్ముడుపోని సరుకును రోడ్డు పక్కన మర్రినీడలో కుప్పపోసి, కారుల్లో పోయేవారికి అమ్మడం రెండో అంగడి. చుట్టుపక్కల మాత్రం మార్పు వేగంగా ఉంది. పక్కనున్న షాబాద్ మండలం చందనవెల్లిలో వస్త్ర కర్మాగారం, డేటా సెంటర్లు వచ్చాయి.

పేరు వచ్చింది, నీరు రాలేదు

కౌకుంట్లకు చెందిన పి. ఇంద్రారెడ్డి ఎన్.టి. రామారావు మంత్రివర్గంలో హోంమంత్రి. 2000లో రోడ్డు ప్రమాదంలో ఆయన మరణించగా, ఉపఎన్నికలో గెలిచిన ఆయన భార్య సబితా ఇంద్రారెడ్డి 2009లో అదే శాఖను చేపట్టి, రాష్ట్ర హోంమంత్రి అయిన తొలి మహిళగా గుర్తింపు పొందారు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను చేవెళ్ల నుండి మొదలుపెట్టి ఇచ్ఛాపురంలో ముగించారు. నాటి నుండి చేవెళ్ల ఒక శకున స్థలమైంది. పథకాల ప్రారంభాలకు, బహిరంగసభలకు అన్ని పార్టీలూ ఈ ఊరిని ఎంచుకొంటాయి. 2023లోనే ఏప్రిల్‌లో భారతీయ జనతా పార్టీ, ఆగస్టులో కాంగ్రెస్ తమ ముఖ్య ప్రకటనలను ఇక్కడి నుండే చేశాయి.

నియోజకవర్గాల పునర్విభజనతో ఏర్పడి 2009లో తొలి ఎన్నిక జరిగిన చేవెళ్ల లోక్‌సభ స్థానంలో శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ వంటి నగర భాగాలు కూడా ఉన్నాయి. కనుక చేవెళ్ల పార్లమెంటు సభ్యుని ఓటర్లలో పెద్ద సంఖ్య చేవెళ్లను ఎన్నడూ చూడని అపార్ట్‌మెంట్ వాసులే. ఎస్. జైపాల్‌రెడ్డి ఇక్కడి తొలి సభ్యుడు. 2014లో, మళ్లీ 2024లో, వేర్వేరు పార్టీల నుండి గెలిచిన కొండా విశ్వేశ్వర్‌రెడ్డి రంగారెడ్డి మనుమడు.

అన్నిటికంటె బరువైన పేరు ప్రాణహిత-చేవెళ్లది. నాటి ఆదిలాబాద్ జిల్లా తుమ్మిడిహెట్టి దగ్గర ప్రాణహిత నుండి 160 టీఎంసీల నీటిని ఎత్తి, 16.40 లక్షల ఎకరాలకు పారించాలన్న పథకానికి 2008లో 38,500 కోట్ల రూపాయల అంచనాతో అనుమతి లభించింది. నీరు బయలుదేరే చోటు, చేరవలసిన చోటు రెండూ దాని పేరులో ఉన్నాయి. 2014 తరువాత పథకాన్ని మార్చి మేడిగడ్డ నుండి కాళేశ్వరంగా కట్టారు. కొత్త రూపంలో చేవెళ్ల పేరూ లేదు, చేవెళ్ల దాకా కాలువా లేదు. రంగారెడ్డి జిల్లా మెట్టభూములను పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల వైపు మళ్లించారు. ఎగువ ఊరు తన వాన నీటిని కిందికి వదలాలి, తనకు కావలసిన నీరు వందల కిలోమీటర్ల నుండి ఎక్కి రావాలి. ఈ రెండింటిలో మొదటిది నూరేళ్లుగా జరుగుతోంది.

మర్రిచెట్ల దారి

అప్పా కూడలి నుండి మన్నెగూడ దాకా ఉన్న సుమారు 46 కిలోమీటర్ల దారి ఇప్పుడు 163వ జాతీయ రహదారిలో భాగం. దాని అంచున తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నాయి. రెండు వరుసల వాహనాలకు సరిపడే పాత రోడ్డు మీద ఇప్పుడు తాండూరు బండల లారీలు, కంకర టిప్పర్లు, ఆర్టీసీ బస్సులు, కళాశాల బస్సులు, వారాంతపు కార్లు నడుస్తాయి. నాలుగు వరుసలుగా వెడల్పు చేయాలంటే చెట్లు పోవాలి. పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ధర్మాసనాన్ని ఆశ్రయించారు. పనులు ఏళ్ల తరబడి ఆగాయి. 2025లో అధిక భాగం చెట్లను ఉన్నచోటనే నిలిపి, కొన్నింటిని తరలించేలా దారి రూపురేఖలు మార్చడంతో ప్రతిష్టంభన వీడింది.

ఆ నిరీక్షణ కాలంలోనే, 2024 డిసెంబర్ 2న ఆలూరు గేటు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకొంటున్నవారి మీదికి లారీ దూసుకొచ్చింది. చనిపోయినవారు ఆ సరుకు పండించిన ఊళ్లవారే. 2025 నవంబర్ 3, సోమవారం ఉదయం, తాండూరు నుండి వస్తున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఢీకొంది. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. ఇరవై మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. ఆదివారం ఇంటికి వచ్చి నగరానికి తిరిగి పోతున్న విద్యార్థులు, ఉద్యోగులు వారిలో ఉన్నారు. రైలు ఉత్తరంగా పోయిన ప్రాంతంలో బస్సు తప్ప మరో దారి లేనివారు వీరు.

ప్రమాదం తరువాత నిందంతా చెట్ల మీద, చెట్ల కోసం పోరాడినవారి మీద పడింది. ఆ కోపం అర్థం కానిది కాదు. అయినా దాని గురి తప్పింది. బరువు మించిన టిప్పర్ల తనిఖీ, మధ్య విభాజకం, వేగ నియంత్రణ, రోడ్డు దిగి నిలబడడానికి గట్టి అంచు, వీటిలో దేనికీ ఒక్క మర్రిని కూడా కొట్టవలసిన పనిలేదు. చెట్టా మనిషా అనే ప్రశ్నను లేవనెత్తడంతో ఆ చిన్న పనులు ఎవరివన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

2024 చివర చేసిన చట్ట సవరణతో చేవెళ్ల, మొయినాబాద్ రెండూ పరిసర గ్రామాలను కలుపుకొని పురపాలక సంఘాలయ్యాయి. గ్రామసభ స్థానంలో వార్డు, సర్పంచి స్థానంలో చైర్‌పర్సన్ వచ్చారు. ఉపాధి హామీ పథకం గ్రామీణ ప్రాంతాలకే పరిమితం కాబట్టి విలీనమైన ఊళ్ల కూలీలకు ఆ పని ఇక ఉండదు. పొలాలు ఉన్నచోటనే ఉన్నాయి, వాటి మధ్య ఉన్న ఇళ్లకు పట్టణపు పన్ను లెక్క మొదలైంది. ఎనికేపల్లి తూము కింద నేటికీ వరి వేసే రైతు ఏ పట్టణ ప్రణాళికలో, ఏ రంగు కింద గుర్తింపు పొందుతాడో ఈ సంఘాలు తయారుచేసే తొలి పటాలలో తేలవలసి ఉంది.